కావలూరు ఆకాశానికి చీకటి కావాలి

సంపాదకుడు గారికి,

హాన్లేలోని టెలిస్కోపును బెంగళూరు పక్కన హొసకోటె నుంచే నడుపుతారు. ఆ లద్దాఖ్ ఊరి చుట్టూ 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతం ఏర్పడింది. ఊరివాళ్లు దీపాలకు షేడ్లు బిగించారు, కిటికీలకు మందపాటి తెరలు కట్టారు. హైదరాబాద్ నిజామియా వేధశాల దగ్గర పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు తమిళనాడులోని జవ్వాది కొండల్లో నెలకొల్పిన కావలూరు వేధశాల మన బెంగళూరుకు 200 కిలోమీటర్ల లోపే ఉంది. అక్కడి పల్లెల్లోనూ అంత జాగ్రత్త ఉండాలి.

2023 మేలో ఎం101 గెలాక్సీలో ఒక భారీ నక్షత్రం పేలితే చిన్న టెలిస్కోపులున్న ఔత్సాహికులు కూడా ఫొటోలు తీశారు. ప్రకాశాన్ని ఒక శాతం తేడాతో కొలవడానికి పది వేల ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, చాలు. పేలుడు ఆకారాన్ని చెప్పే ధ్రువణం, అంటే కాంతి తరంగాలు ఒకే దిశలో ఎక్కువగా ఊగడం, అలా దొరకదు. నక్షత్రం అన్ని వైపులా సమంగా పేలితే అంచుల నుంచి వచ్చే ధ్రువణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక పక్కకు సాగి పేలితేనే కొంచెం మిగులుతుంది, అదీ ఏ ఒక శాతమో. దాన్ని శాతంలో పదోవంతు దాకా పట్టుకోవాలంటే దాదాపు 20 లక్షల ఫోటాన్లు పోగుచేయాలి.

పైగా అసలు కబురు ఆలస్యంగా వస్తుంది. కొన్ని సూపర్‌నోవాల, అంటే ఇలా పేలిన నక్షత్రాల, ప్రకాశం మూడు నెలలు నిలకడగా ఉండి, తర్వాత గబుక్కున పడిపోతుంది. బయటి హైడ్రోజన్ పొర పలచబడి లోపలి భాగం కనిపించేది అప్పుడే. 2004డీజే అనే సూపర్‌నోవాలో ధ్రువణం ఒక్కసారిగా పెరిగిందీ అప్పుడే. పేలుడు లోపలి ఆకారం తెలిసే ఆ సమయానికి నక్షత్రం మసకబారి ఉంటుంది. దీపాల వెలుగు గాలిలో చెదిరి ఆకాశాన్ని తెల్లగా చేస్తే ఆ కాస్తా అందులో కలిసిపోతుంది. చెదిరిన వెలుగుకూ సొంత ధ్రువణం ఉంటుంది కాబట్టి చిక్కు రెట్టింపు.

దీపాలు తీసేయమని నేను అడగడం లేదు. రాత్రి బస్సు దిగి ఇంటికి నడిచే ఆడపిల్లకు దారి కనబడాల్సిందే. మా లేఅవుట్‌లో ఎల్‌ఈడీ దీపాన్ని పక్కకు వంచి బిగించారు. సగం వెలుగు రెండో అంతస్తు పడకగదిలోకి పోతోంది, కింద రోడ్డు మీది గుంత మాత్రం కనబడదు. ఇలాంటి దీపంతో ఎవరికి లాభం?

కావలూరు చుట్టుపక్కల పంచాయతీల్లో, రిసార్టుల్లో కొత్తగా పెట్టే ప్రతి దీపానికీ పైన మూత ఉండాలని తమిళనాడు ప్రభుత్వం నియమం పెట్టాలి. పాతవాటికి షేడ్ల ఖర్చు తానే భరించాలి. బెంగళూరు పాలకులు కూడా వీధి దీపాల టెండర్లలో ఈ షరతు చేర్చాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, బెంగళూరు