గ్రహణం రోజు నీళ్లు తాగు

అమ్మలూ,

కడుపుతో ఉన్నదానివి, గ్రహణం రోజు కదలకుండా పడుకోవాలని మీ అత్తయ్యగారు అన్నారని, టెన్షన్‌గా ఉందని నిన్న ఫోన్‌లో చెప్పావు. తొందరలో ఏదో ఒకటి అనడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను.

1995 అక్టోబరు 24, దీపావళి మర్నాడు పొద్దున సూర్యగ్రహణం. నువ్వు నా కడుపులో ఉన్నావు. మామ్మ ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి, నన్ను నడిమిగదిలో పడుకోబెట్టి తలుపులు వేసింది. నీళ్లు తాగకూడదు, ఒత్తిగిలకూడదు, గోక్కోకూడదు. ఉక్కకి వీపంతా చెమట. మోచేతి మీద దోమ కుట్టింది. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి గోక్కున్నాను. నువ్వు పుట్టేదాకా ఆ భయం నన్ను వదల్లేదు. నర్సు నిన్ను చేతికిస్తే నీ కళ్లూ ముక్కూ చూడలేదు తల్లీ. ముందు పైపెదవి వేలితో తడిమి చూశాను.

వెనకింటి పిన్నికి అప్పుడు ఆరో నెల. ఆవిడ ఆ పొద్దున వంకాయలు తరిగిందట. బాబు పెదవి చీలి పుట్టాడు. అత్తగారు, ఆడపడుచులు, ఆఖరికి కాలవరేవులో బట్టలుతికేవాళ్లు కూడా ఆ వంకాయల మాటే ఎత్తేవారు. గ్రహణంమొర్రి అని పేరు పెట్టినప్పుడే తప్పంతా తల్లి నెత్తిన వేసేశాం.

చాలా ఏళ్లకి అమలాపురంలో ఒక డాక్టరమ్మని అడిగాను. బిడ్డ పైపెదవి కలుసుకోవడం రెండు నెలలు నిండేలోపే అయిపోతుందట. మరి ఆరో నెలలో తరిగిన వంకాయ ఏం చేస్తుంది? ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "అయితే నావల్ల కాదా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అన్నేళ్లలో ఆ నెలలు ఒక్కరం కూడా లెక్కపెట్టలేదు. దేవుడి విషయం, అడగకూడదు అనుకున్నాం. నాకు దేవుడు లేడనిపించడం అక్కడే మొదలైంది. ఊళ్లో ఆ మాట పైకి అనడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మామ్మ దీపానికి వత్తులు ఇప్పటికీ నేనే చేసి పెడతాను. ఆవిడ నమ్మకం మీద నాకు కోపం లేదు. ప్రశ్న అడిగిన మనిషిని నోరు మూసుకోమంటే మాత్రం ఊరుకోను.

మన కాకినాడలోనే కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే గోరాగారికి నాస్తికుడైనందుకు 1933లో ఉద్యోగం పోయింది. ఆయన భార్య సరస్వతిగారు కడుపుతో ఉండి, నలుగురిలో నిలబడి గ్రహణం చూశారు. తొమ్మిదిమంది పిల్లల తల్లి ఆవిడ. 1940లో ఇద్దరూ కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. ఆ రోజుల్లో చుట్టాలూ ఊరూ ఏమనుకుంటారో తెలిసి కూడా ఆవిడ వాకిట్లోకి వచ్చారు చూడు, ఆ ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం పౌరుల బాధ్యత అని 1976లో రాజ్యాంగంలోనే చేర్చారు.

మీ అత్తయ్యగారితో వాదం పెట్టుకోకు. ఆవిడకీ నాలాగే ఎవరో తలుపులేసి ఉంటారు. పక్కన కూర్చుని ఈ నెలల లెక్క చెప్పు. ఈసారి వచ్చేది చంద్రగ్రహణం, మామూలు కళ్లతోనే చూడొచ్చు. సూర్యగ్రహణమైతే ఎవరైనా సరే కళ్లకి రక్షణ లేకుండా చూడకూడదు. దాహమేస్తే నీళ్లు తాగు, ఆకలేస్తే తిను. డాక్టరు రాసిన మాత్రలు మానకు. ఆదివారం నేనూ నాన్నా వస్తున్నాం, బొబ్బట్లు తెస్తాను.

మీ అమ్మ