ఆ నీలం గొడుగు మా ఇంట్లోనే ఉందండి

పోయిన జూన్‌లో మా అమ్మ దారి తప్పింది. మేముండేది టోక్యోకి పడమర హినో సిటీలో, తకహతఫుదో స్టేషన్ దగ్గర, టోక్యోలోని పెద్ద స్టేషన్ షింజుకు నుంచి కేయో లైన్ రైల్లో ఓ 40 నిమిషాలు. జూన్ అంటే ఇక్కడ వానలు, ఫుదో గుడి వెనక కొండ మీద అజిసాయ్ (హైడ్రేంజియా) పూలు గుత్తులు గుత్తులుగా పూసుంటాయి, ఆ కొండ మీదే 88 మజిలీల యాత్ర దారి కూడా ఉంటుంది, అమ్మ ఒక్కో విగ్రహానికీ దండం పెట్టుకుంటూ వెళ్లి అవతల ఇళ్ల మధ్యకి దిగిపోయింది, ఫోనేమో ఇంట్లో. ఇక్కడ చాలా వీధులకి పేర్లే ఉండవు, అన్నీ బ్లాక్ నంబర్లే, అమ్మకి తెలుగు తప్ప రాదు.

అక్కడ అమ్మకి ఎదురైన పేరు తెలియని ఓ అమ్మా, ఇది మీకే. అమ్మ పర్సులో అడ్రస్ చీటీ చూసి కోబన్‌లో, అంటే వీధి పోలీసు ఠాణాలో, పోలీసులకి అప్పజెప్పేసినా సరిపోయేది, కానీ మీరు కూరగాయల సంచీతోనే మా గుమ్మం దాకా నడిపించుకొచ్చారు. గొడుగంతా అమ్మ వైపే పట్టారు కదా, మీ ఎడమ భుజం మొత్తం తడిసిపోయి ఉంది, నేను చూశా. నేను అరిగాతో (థాంక్స్) అంటూ ఏడుస్తుంటే మీరు వంగి దండం పెట్టి వెళ్లిపోయారు, వాన ఆగిందని గొడుగు మర్చిపోయారు, పేరైనా అడగలేదు నేను.

అమ్మ రాజమండ్రి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ కనిపించిందా అనే అడుగుతుంది. ముదురు నీలం గొడుగు, పిడికి చిన్న గంట. హినోలో ఉన్న మనవాళ్లెవరికైనా ఆవిడ తెలిస్తే దయచేసి చెప్పండి. చాలా చాలా థాంక్సండి అమ్మా.