ఒరేయ్ బావా, బోర్డు లేచింది!

ఒరేయ్ బావా,

ఆలస్యానికి తిట్టాలనుకుంటే తిట్టు, కాకపోతే ఉత్తరం మొత్తం చదివాక తిట్టు. ప్రతి ఆదివారం నీకు రాద్దామని కూర్చోవడం, గాలి బాగుందని కబురు రావడం, నేను పారిపోవడం, ఇదే వరస. ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న కంటి ఆపరేషన్ అయిపోయింది, ఇప్పుడు ఏ మూల దుమ్మున్నా ఆయనకే ముందు కనిపిస్తోంది, దాంతో మాకు మనశ్శాంతి పోయింది. చెల్లి ఉద్యోగం మారింది. నేను మారలేదు. నువ్వడిగిన కాగితాలు వేరే కవర్లో వస్తాయి. వార్తలు సమాప్తం.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం బోర్డు లేచింది రా! నన్ను మోసుకుని, నీళ్ళని వదిలేసి, దాదాపు మోకాలెత్తు పైకి. ఎంతసేపు అని మాత్రం అడగకు. నీ పద్ధతిలో లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు. కానీ లేచింది. రాత్రంతా నిద్ర పట్టలేదు, పక్కకి తిరిగితే భుజం నొప్పి, ఇటు తిరిగితే నవ్వు.

ఫోన్లో వింగ్ ఫాయిలింగ్ అన్నప్పుడు నువ్వు "గాలిపటం పట్టుకుని ఈదడమా?" అన్నావు గుర్తుందా. గాలిపటాన్ని తాడుతో ఎగరేస్తాం, దీన్ని అలా కాదు. వింగ్‌ని నేరుగా చేతులతో పట్టుకోవాలి. ముందు అంచు పొడుగునా గాలి కొట్టిన లావుపాటి ట్యూబు, మధ్యలో ఇంకో ట్యూబు, దానికి హ్యాండిళ్ళు, మిగతాదంతా బిగుతుగా లాగిన బట్ట. నాకిచ్చింది 5 చదరపు మీటర్లది. బోర్డు వేరు. ఈ రెండింటికీ మధ్య ఏ కడ్డీ, ఏ బోల్టూ లేదు, వాటిని కలిపేది మన ఒళ్ళే. నా ఒళ్ళు సంగతి నీకు తెలుసు కదా. కొత్తవాళ్ళకి బరువు ఎన్ని కిలోలుంటే దానికి ఇంకో 30, 40 కలిపి అన్ని లీటర్ల బోర్డు ఇస్తారు, అందుకని బరువెంతో అందరి ముందూ గట్టిగా అడిగారు. ఆ తూకం దగ్గర నువ్వు నవ్విన నవ్వు చెవుల్లో మోగింది.

బోర్డు కింద ఇంకో భాగం ఉంటుంది, దానిదే కథంతా. ఓ 70 సెంటీమీటర్ల మాస్టు, అంటే స్తంభం లాంటిది, నిలువుగా నీళ్ళలోకి దిగి ఉంటుంది, దాని అడుగున చిన్న విమానం ఆకారంలో ముందో రెక్క, వెనకో రెక్క. దాన్నే ఫాయిల్ అంటారు. వేగం వస్తే ఆ రెక్క తను నీళ్ళలోనే ఉండి, బోర్డుతో సహా మొత్తం మనిషిని పైకెత్తుతుంది. అంత చిన్న రెక్కా అని నువ్వు కనుబొమ్మలెగరేస్తావు. నీళ్ళు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన రా సైంటిస్టూ, అందుకే పైన గాలిలో 5 చదరపు మీటర్ల బట్ట కావాలి, కింద నీళ్ళలో దానికి పాతికో వంతు కూడా అక్కర్లేదు.

నీకిష్టమైన సంగతొకటి, మర్చిపోకముందే రాసేస్తున్నా. టెలిఫోన్ గ్రాహం బెల్ ఉన్నాడు చూడు, ఆయనకి ముసలితనంలో ఇదే పిచ్చి. ఆయన బృందం కట్టిన హెచ్‌డి-4 అనే ఫాయిల్ పడవ 1919లో గంటకి 114 కిలోమీటర్ల వేగంతో పోయింది. అప్పటికి ఆయనకి 72 ఏళ్ళు. అంతకు ముందే 1906లో ఇటలీలో ఫోర్లనీని అనే ఆయన సరస్సు మీద ఇలాంటిదే నడిపాడు. అంటే ఫాయిల్ పాతదే, చేతిలో పట్టుకునే ఈ గాలి వింగులే కొత్త, జనానికి దొరకడం మొదలైంది 2019 ప్రాంతంలోనే. ఈసారి ఎవరైనా క్విజ్ పెడితే మార్కులు నీవి, వాటా నాది.

సరే, పడటం గురించి. అసలు రాయాలనుకున్నది అదే. లేవడం గురించి ఓ పేరా చాలు, పడటం గురించి పుస్తకం రాయొచ్చు.

మొదట్లో పడటానికి వేగం కూడా అక్కర్లేదు. ఫాయిల్ నేలకి తగలకుండా బోర్డుని తిరగేసి ఛాతీ లోతు దాకా నడిపించుకెళ్ళాలి, అక్కడ సరిగ్గా తిప్పి దాని మీదికి పాకాలి, మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఈలోగా వింగ్ బోర్లా పడి ఉంటుంది, దాన్ని అంచు పట్టుకుని ఎత్తితే గాలే తిప్పుతుంది. రాసినంత తేలిగ్గా తిరగదులే. నేను వింగ్ వైపు చేయి చాపగానే బోర్డు అటు ఒరుగుతుంది, ఇటు సర్దుకునేసరికి ఇటు ఒరుగుతుంది, చివరికి ఎటూ కాకుండా వెనక్కి. పక్కన ఓ పిల్ల, బడికెళ్ళే వయసు, మోకాళ్ళ మీంచి లేచి నిలబడి నా చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేది.

తర్వాత నిలబడటం. ఇక్కడ పడటం పద్ధతే మారిపోతుంది. వింగ్ లాగుతుంటే మనకి తెలియకుండానే దాని మీద ఆనుకుంటాం. గాలి ఒక్క క్షణం తగ్గిందనుకో, ఆనుకోవడానికి ఏమీ ఉండదు, వీపు మీద ధబ్బున. అదే గాలి ఒక్కసారిగా పెరిగితే వింగ్ మనల్ని బోర్డు మీంచి ఎత్తి ముందుకి విసిరేస్తుంది. వెనక చేయి కాస్త వదిలితే వింగ్‌లో పవర్ పోతుంది, అది మాత్రం చాలా తొందరగా నేర్చుకున్నాను, ప్రాణం మీదికొస్తే ఎంత మొద్దుకైనా వస్తుంది. ఇది మన మూడో బెంచీ వాడికి వర్తించదనుకో.

పడటం కూడా నేర్పిస్తారు రా! నవ్వకు. నేర్పేవాడు మొదటి రోజు దీని గురించే ఎక్కువ చెప్పాడు. పడబోతున్నావని తెలియగానే బోర్డుకి దూరంగా పడు, తలకిందులుగా దూకకు, వెల్లకిలానో పక్కకో పరుచుకున్నట్టు పడు. ఫాయిల్ అంచులు పదునుగా ఉంటాయి కాబట్టి కాళ్ళు దాని వైపు పోకూడదు. పైకి వచ్చేటప్పుడు చేతులు తలకి అడ్డం పెట్టుకుని రావాలి, ఎందుకంటే బోర్డు ఎటు తేలి ఉందో తెలియదు. వింగ్‌ని వదిలేయొచ్చు, మణికట్టుకో నడుముకో తాడుంటుంది, అది గాలివాటున రెపరెపలాడుతూ తేలుతుంది. దాన్ని గట్టిగా పట్టుకుని దాని మీదే పడితే బట్టకీ నష్టం, మనకీ నష్టం. హెల్మెట్, దెబ్బ ఆపే జాకెట్ లేకుండా దిగనివ్వరు. ఇదంతా నిలువునా తల ఊపుతూ విని "అర్థమైంది" అన్నాను. నా "అర్థమైంది" అంటే ఏమిటో ప్రపంచంలో నీకొక్కడికే తెలుసు.

మధ్యలో ఒక రోజు గురించి ఇంట్లో చెప్పలేదు, నువ్వూ చెప్పకు. గాలి బాగుంది, నేనూ నిలబడి చాలా దూరం పోయాను, ఫాయిల్ మీద కాదులే, బోర్డు నీళ్ళలోనే, మామూలు పడవలా. ఉన్నట్టుండి గాలి చచ్చిపోయింది. ఒడ్డున మనుషులు చుక్కల్లా ఉన్నారు. వింగ్‌ని బోర్డు మీద పడేసి, దాని మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ రావాలి, అది నేర్పారు, చేశాను, కానీ ఎంత వేసినా ఒడ్డు దగ్గరికి రావట్లేదు. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీచే రోజున కొత్తవాళ్ళని ఎందుకు దిగనివ్వరో అప్పుడు బాగా ఎక్కింది. ఆ రోజు గాలి, ఉన్నంతసేపూ, ఒడ్డు వైపే, అదొక్కటే కలిసొచ్చింది. పడుకుని నీళ్ళ చప్పుడు వింటుంటే ఎందుకో మీ అన్నయ్య... సరే వదిలేయ్. అది ఉత్తరంలో రాసేది కాదు. నువ్వొచ్చినప్పుడు చెబుతా. చివరికి చిన్న మోటారు పడవ వచ్చింది, అందులో అబ్బాయి "అలిసిపోయారా అంకుల్?" అన్నాడు. అంకుల్ అట! నాకు భయం పోయి కోపం వచ్చింది, అది మంచిదే అయింది.

నిన్నటి దానికొస్తా. గాలి 15 నాట్లు, అంటే గంటకి 28 కిలోమీటర్ల దాకా, నిలకడగా. ఇంతకన్నా తక్కువైతే నాలాంటి వాడికి బోర్డు లేవదు, మరీ ఎక్కువైతే వింగ్ చేతిలో ఆగదు. నిలబడ్డాను. వింగ్‌ని తల మీదికీ కిందికీ ఊపుతూ వేగం తెచ్చుకున్నాను, దాన్ని పంప్ చేయడం అంటారు, చూసేవాళ్ళకి ఎవరినో దూరం నుంచి పిలుస్తున్నట్టుంటుంది. బోర్డు అడుగున నీళ్ళు టపటపా కొట్టుకుంటున్నాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. ఏదో విరిగిందనుకున్నా రా! నిజంగా. ఏం విరిగిందా అని కిందికి చూశాను. చూడగానే పడ్డాను. నీళ్ళలో మునిగి ఉండగా వెలిగింది, విరగలేదు, లేచింది అని.

ఇక ఆగుతానా. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ లేచింది, ఈసారి చూపు ఒడ్డు మీదే పెట్టాను, కానీ ఇంకో రకంగా పడ్డాను, దీన్ని నీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే లెక్కల్లో నీకిది నచ్చుతుంది. బోర్డు నీళ్ళని వదలగానే దాన్ని పట్టి లాగే నీళ్ళు ఉండవు కదా, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగు రెట్లు. అంటే లేవడం వల్లే ఇంకా లేస్తుంది! అక్కడ మనిషి బుద్ధి ఏం చెబుతుంది? భయపడి వెనక్కి వాలమంటుంది. వెనక్కి వాలితే ముక్కు పైకి, ఫాయిల్ ఇంకా పైకి, ఆఖరికి ముందు రెక్క నీళ్ళు దాటి బయటికొచ్చేస్తుంది. నీళ్ళు లేకపోతే దానికి బలం ఎక్కడిది, బోర్డు ముక్కు మీద దబ్బున కూలుతుంది, మనం వింగ్‌తో సహా ముందుకి. నిన్న పడ్డవాటిలో ఎక్కువ ఇవే. చేయాల్సింది ఏమిటంటే, లేస్తోందని అనిపించగానే ముందు కాలి మీద బరువు వేయాలి. భయం ఎటు వద్దంటుందో సరిగ్గా అటే వాలాలన్నమాట. తలకి తెలుసు, ముందు కాలికి తెలియదు.

చివరిసారి కాలికి కూడా తెలిసింది. లేచింది, నేను ముందుకి నొక్కాను, అది ఇంకా పైకి పోకుండా ఆ ఎత్తులోనే పోతోంది. చేతుల్లో వింగ్ కూడా తేలికైపోయింది. అరిచాను. ఏమని అరిచానో చెప్పను, మన హాస్టల్ మేడ మీద అరుపే. నీళ్ళ కింద ఫాయిల్ సన్నగా ఈల వేస్తోంది, అంతకు మించి చప్పుడు లేదు, నా అరుపు తప్ప. తర్వాత మామూలే, పడ్డాను, కానీ దూరంగా, పరుచుకుని, చేతులు తలకడ్డంగా పెట్టుకుని లేచాను, నేర్పినవాడు చూసుంటే గర్వపడేవాడు. వాడు చూడలేదు. ఎవరూ చూడలేదు! అప్పుడే ఎవరి వింగ్‌కో గాలి పోతోందని అందరూ అటు తిరిగారట. అంటే సాక్షి లేడు, మళ్ళీ. గట్టు సంగతి నువ్వు ఇప్పటికీ నమ్మలేదు, ఇదీ నమ్మవు, నమ్మకపోతే పో.

ఒంటి సంగతి అడుగుతావేమో. మోకాళ్ళు కమిలిపోయాయి, చెవిలో నీళ్ళు, ముంజేతులు బిగుసుకుపోయి ఈ అక్షరాలు ఇలా ఉన్నాయి. అయినా ఇన్నేళ్ళలో నాకు రానిది నేర్చుకుందామని కూర్చున్నది దేనికి రా? కారు నడపడం తర్వాత ఏమీ లేదు. ఉద్యోగంలో రానిది ఉంటే వచ్చినట్టు నటిస్తాం, నడిచిపోతుంది. నీళ్ళ దగ్గర ఆ నటన... ఇది ఎటో పోతోంది, నీకు అర్థమైందిలే.

నువ్వు వస్తే దింపుతాను, ఈతొస్తే చాలు, బలం అక్కర్లేదు, ముందు ఒడ్డు మీద ఒట్టి వింగ్‌తోనే ఆడిస్తారు. మీ ఆవిడతో నేను మాట్లాడతా. ఇంకా మలుపు తిరగడం గురించి రాయలేదు, అది పెద్ద గొడవ, ఇప్పటిదాకా ఒకవైపే పోవడం వచ్చు, తిరగాలంటే పడాలి, పడి బోర్డుని తిప్పుకుని మళ్ళీ ఎక్కాలి, దానికి వేరే ఉత్తరం... ఆగు, కింద హారన్ కొడుతున్నారు. గాలి లేచిందట, 16 దాకా ఉందట. వింగులకి గాలి కొట్టే పంపు నా దగ్గరే ఉంది, అది లేకపోతే ఎవడూ దిగలేడు. పోతున్నా, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.