ఆకు సారం దగ్గరే ఆగిపోతున్న మొక్కల పరిశోధన

గౌరవనీయులైన సంపాదకులకు,

ఔషధ మొక్కల్లో మన శరీర కణాలను దెబ్బతినకుండా కాపాడే పదార్థాలు ఉన్నాయని చెప్పే ప్రాజెక్టులు నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల కళాశాలల్లో తరచుగా జరుగుతూనే ఉన్నాయి. అవి జరగాలనే కోరుకునేవాణ్ణి నేను. అయితే చదవడానికి నా దగ్గరకు వచ్చిన నివేదికల్లో ఎక్కువ భాగం ఒకే చోట ఆగిపోయాయి. ఆకును మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తారు, దాన్ని డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో కలుపుతారు, రంగు పసుపుపచ్చగా మారగానే ఈ మొక్క యాంటీఆక్సిడెంట్ (కణాలను కాపాడేది) అని రాసి ముగిస్తారు. తేయాకు కషాయం పోసినా, ఉసిరి రసం పోసినా ఆ రంగు మారుతుంది. అది గాజు గొట్టంలో జరిగిన రసాయన చర్య మాత్రమే. అది జీవకణాన్ని కాపాడిందనడానికి రుజువు కాదు.

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. నీడన ఎండిన ఆకు పొడిని హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్, మిథనాల్ అనే ద్రావకాల్లో వరుసగా నానబెట్టి, వచ్చిన భాగాల్లో ఒక్కొక్కదాన్నీ ప్రయోగశాలలో పెంచుతున్న కణాల మీద పరీక్షించి, ఏ భాగం కణాలను బతికించిందో దాన్నే సిలికా జెల్ నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపి మళ్లీ విడదీసి, మళ్లీ పరీక్షిస్తూ పోతే చివరకు ఒక శుద్ధ పదార్థం చేతికి వస్తుంది. కిలో ఆకుకు ఒక్కోసారి కొన్ని మిల్లీగ్రాములే దక్కుతాయి. దాని నిర్మాణం ఏమిటో ఎన్‌ఎమ్‌ఆర్, మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రాలు చెబుతాయి. ఈ దారిలో చిన్న అజాగ్రత్త కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. చైనా శాస్త్రవేత్త తు యుయు మలేరియా మందు కోసం వెతుకుతున్నప్పుడు, వేడికి మొక్కలోని గుణం పోతోందని గ్రహించి తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. అలా దొరికిన ఆర్టెమిసినిన్‌కే 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మన నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్, పసుపులోని కర్‌క్యుమిన్ కూడా ఇలా విడదీసి, నిర్మాణం తేల్చిన తర్వాతే ప్రపంచం ముందు నిలబడ్డాయి.

ఈ ప్రాంతంలో ఇలాంటి పరిశోధనకు ప్రశ్న ఎక్కడో వెతకనక్కరలేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో తరతరాలుగా తాగిన బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలనే కాదు, కణాలను కూడా దెబ్బతీస్తుంది. కణం లోపల ఫ్రీ రాడికల్స్ అనే హానికర అణువులు పెరుగుతాయి, వాటిని అణచివేసే గ్లూటాథయోన్ తరిగిపోతుంది, కణపు పొరల్లోని కొవ్వు చెడిపోతుంది. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో కర్‌క్యుమిన్ ఈ నష్టాన్ని కొంత తగ్గించింది. అయితే అది పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది కాబట్టి మనుషులకు అదే మేలు కలుగుతుందని చెప్పలేము. చింతపండు తిన్న బడి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించారు. చింతపండులోని ఏ పదార్థం ఎంత మేరకు ఈ పని చేస్తుందో, ఫ్లోరైడ్ సోకిన ఎముక కణాల మీద మన తిప్పతీగ, నేల ఉసిరి, ఏగిస చెట్ల నుంచి విడదీసిన పదార్థాలు ఎలా పనిచేస్తాయో తేల్చే పని నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికీ మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయానికీ తగినట్టు మరెవరికి తగుతుంది?

ఒక మాట గట్టిగా చెప్పాలి. వంగిపోయిన ఎముకను ఏ ఆకూ తిరిగి నిలబెట్టలేదు, ఫ్లోరైడ్ లేని నీళ్లే మొదటి మందు. రంగు మారిన పరీక్షను చూపించి నొప్పులతో బాధపడే పేదలకు చూర్ణాలు, సిరప్‌లు అమ్మడం నాకు తీవ్రమైన బాధ కలిగిస్తోంది. సగంలో ఆగిపోయిన పరిశోధనే ఆ వ్యాపారానికి ఆధారం అవుతోంది.

మరో సంగతి అడవిది. నల్లమలలో ఏ తీగ దేనికి వాడాలో మన్ననూరు, అప్పాపూర్ చెంచులకు తెలుసు. ఆ తెలివి నోటి మాటగానే నిలిచి ఉంది. కేరళలో కాణి తెగవారు 1987లో ఆరోగ్యపచ్చ అనే మొక్క గురించి తమ దగ్గరకు వచ్చిన శాస్త్రవేత్తలకు చెప్పారు. దాని ఆధారంగా తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యానం రూపొందించిన 'జీవని' మందు లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం ఆ తెగకు ఇవ్వాలని ఒప్పందం జరిగింది. ఇక్కడ అలాంటిది కావాలంటే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో ఉండాల్సిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు నిజంగా పనిచేయాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో చెంచుల పేరుతోనే వారి జ్ఞానం నమోదు కావాలి. 2023 సవరణ గ్రంథస్తమైన సంప్రదాయ విజ్ఞానాన్ని ప్రయోజనాల పంపిణీ నుంచి మినహాయించింది కాబట్టి, గ్రంథాలకెక్కని ఈ జ్ఞానం ఎవరిదో చెప్పే రాత మరింత అవసరమైంది. మారేడు గడ్డల (మారేడు చెట్టువి కావు, ఒక అడవి తీగ సువాసన వేళ్లు) వంటి వాటి విషయంలో మరో జాగ్రత్త కావాలి. వేరు తవ్వితే మొక్కే పోతుంది, అందువల్ల ప్రయోగానికి కావలసిన గడ్డలను అడవి నుంచి కాక, చెంచు రైతులు సాగు చేసిన చేలనుంచి ధర ఇచ్చి తీసుకోవాలి.

ఎన్‌ఎమ్‌ఆర్ యంత్రం కోట్ల రూపాయలది, ప్రతి కళాశాలా కొనలేదు. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థతో ఈ రెండు విశ్వవిద్యాలయాలూ ఒప్పందం చేసుకుని, జిల్లా విద్యార్థుల నమూనాలకు నెలలో కొన్ని రోజులు కేటాయించేలా రాష్ట్ర ప్రభుత్వం నిధులు ఇవ్వాలని కోరుతున్నాను. వృక్షశాస్త్రవేత్త గుర్తించిన హెర్బేరియం (ఎండబెట్టి భద్రపరచిన మొక్క) నమూనా సంఖ్య, కణాల మీద పరీక్షా ఫలితం, మొక్క తెచ్చిన గ్రామ కమిటీ అనుమతి లేని ప్రాజెక్టుకు ఆ నిధి ఇవ్వకూడదు. వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టులు ఖరారు కాకముందే ఉన్నత విద్యామండలి ఈ విషయంపై నిర్ణయం తీసుకోవాలని మనవి.

ఇట్లు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా