అదే సీట్లో మళ్లీ ఇంకో పాపను కూర్చోబెట్టారు: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది నల్గొండ జిల్లా. మొన్న మే నెలలో ఒక అమ్యూజ్‌మెంట్ పార్కు రైడ్ మీద నా కళ్ల ముందు జరిగిన ఒక సంగతి మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇప్పటికే రెండు ఆఫీసుల్లో అర్జీ ఇచ్చాను. ఒకచోట ముద్ర వేసి తీసుకున్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఇంకోచోట ఇది మా పరిధిలోకి రాదన్నారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఎండాకాలం సెలవులకు మా అమ్మాయి, పిల్లలిద్దరూ ఊరికి వచ్చారు. మనవడికి 11 ఏళ్లు, మనవరాలికి 8. హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక పార్కుకి తీసుకెళ్లమని వారం రోజులు నా వెంట పడ్డారు. ఆ పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు. నేను అడుగుతున్నది ఒక్క పార్కు గురించి కాదు.

ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాం. బయటి తిండి లోపలికి రానివ్వమంటే డబ్బా గేటు దగ్గరే వదిలేశాం. ఎండలో గంటన్నర లైన్లో నిలబడ్డాం. రెండు రైడ్లు రిపేర్లో ఉన్నాయని లోపలికి వెళ్లాక తెలిసింది. సెలవు రోజున ఇలాంటివి ఎవరికైనా ఎదురయ్యేవే, సర్దుకుపోయాం.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పిల్లలు కొలంబస్ ఎక్కుతామన్నారు. పడవ ఆకారంలో ముందుకీ వెనక్కీ ఊగే రైడ్. మా అమ్మాయి పిల్లల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుంది. నాకు నడుం నొప్పి, అందుకని కటకటాల బయటే నిలబడ్డాను. ఒళ్లోకి దిగే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని కిందికి లాగితే టక్కుమని లాక్ పడాలి. మిగతా వరసల్లో అన్నీ పడ్డాయి. మా వాళ్ల వరసలో పడలేదు. ఆపరేటర్ కుర్రాడు రెండుసార్లు అరచేత్తో కొట్టాడు. మూడోసారి మోకాలు పెట్టి నొక్కాడు. చప్పుడైతే వచ్చింది గానీ అది లాక్ పడిన చప్పుడు కాదు, ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. జీవితమంతా ఆ చప్పుళ్ల మధ్యే గడిపినవాణ్ని, ఆ తేడా నాకు తెలుసు. "బాబూ, అది పడలేదు, ఆపు!" అని కేకేశాను. "ఏం గాదు తాతా, గట్టిగ పట్టుకుంటే సాలు" అంటూ వెళ్లి బటన్ నొక్కాడు.

నాలుగో ఊపుకో ఐదో ఊపుకో ఆ కడ్డీ జానెడు పైకి లేచింది. పడవ ఆ కొస పైకి వెళ్లినప్పుడు మా మనవరాలు సీటు మీద నుంచి లేవడం నేను కింద నుంచి చూశాను. మా అమ్మాయి ఒక చేత్తో పాప గౌను దొరకబుచ్చుకుని, ఇంకో చెయ్యి కొడుక్కి అడ్డం పెట్టింది. కడ్డీ మళ్లీ కిందికి పడుతూ పాప గడ్డానికి తగిలింది. అరుపులు విని కుర్రాడు ఆపాడు. కానీ ఆ పడవ బ్రేక్ వేయగానే ఆగేది కాదు, ఊపు తగ్గుతూ తగ్గుతూ నిలబడాలి. నిమిషం పట్టిందో రెండు నిమిషాలు పట్టిందో చెప్పలేను. ఆ కాసేపూ కటకటాలు పట్టుకుని చూడటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఫస్ట్ ఎయిడ్ గదికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడు. మా అమ్మాయి చున్నీతోనే గాయం అదిమిపట్టి కూర్చున్నాం. తర్వాత బయట ఆసుపత్రిలో మూడు కుట్లు పడ్డాయి. దేవుడి దయ వల్ల అంతటితో పోయింది.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ మూడు కుట్లు కాదు. పావుగంట తర్వాత మేనేజర్‌ని వెతుక్కుంటూ మళ్లీ అటు వెళ్లేసరికి ఆ కొలంబస్ నడుస్తోంది. మా వాళ్లు దిగిన అదే వరసలో, మా మనవరాలు కూర్చున్న అదే సీట్లో, పసుపు ఫ్రాకు వేసుకున్న ఇంకో పాప కూర్చుని ఉంది. పడవ ఆగగానే వెళ్లి ఆ వరస ముందు నిలబడ్డాను. నాతో పాటు ఇంకో ఇద్దరు తండ్రులు నిలబడ్డారు. గొడవ పెద్దదయ్యాక ఆ వరసకి అడ్డంగా ప్లాస్టిక్ తాడు కట్టి మిగతా వరసలతో మళ్లీ మొదలుపెట్టారు.

మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, టికెట్ వెనక రాసి ఉంది కదా, ఎవరి బాధ్యత వారిదే" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే. "ఇప్పుడు జరిగింది మీ రిజిస్టర్లో రాయండి, నేను కూడా సంతకం పెడతాను." అలాంటి రిజిస్టర్ లేదన్నాడు.

అయ్యా, మా గ్యారేజీలో రాత్రి బస్సు డిపోకి చేరాక డ్రైవర్ లాగ్ షీట్ ఇవ్వనిదే ఇంటికి వెళ్లడు. బ్రేకు మెత్తగా ఉందనో స్టీరింగ్ లాగుతోందనో తలుపు సరిగ్గా పడటం లేదనో అందులో రాస్తాడు. ఆ రాత్రి మేం చూసి, చేసిన పని రాసి సంతకం పెట్టాలి. రేపు ఏదైనా జరిగితే మొదట తీసేది ఆ కాగితమే. ఆ సంతకం భయంతో నట్టు ఒకటికి రెండుసార్లు బిగించిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చూపించాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు స్కూలు బస్సుల్ని రవాణా శాఖ వాళ్లు నిలబెట్టి చూస్తారు. పిల్లల్ని రోడ్డు మీద తీసుకెళ్లే బండికి ఇంత ఉన్నప్పుడు, గాలిలోకి ఎత్తి ఊపే యంత్రానికి ఇందులో సగమైనా ఉండాలి కదా?

చిన్న లోపాన్ని పట్టించుకోకుండా మళ్లీ నడిపితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో తెలిసింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గోల్డ్ కోస్ట్ దగ్గర డ్రీమ్‌వరల్డ్ అనే పెద్ద పార్కు ఉంది. అందులో నీళ్ల మీద తెప్పలు వెళ్లే రైడ్ ఉండేది. 2016 అక్టోబర్ 25న ఆ రైడ్‌కి నీళ్లు తోడే పంపు ఆగింది. మళ్లీ ఆన్ చేశారు. ఇంకోసారి ఆగింది. మళ్లీ ఆన్ చేసి జనాన్ని ఎక్కించారు. మూడోసారి ఆగినప్పుడు నీటి మట్టం పడిపోయి ఒక తెప్ప ఇరుక్కుపోయింది. వెనక వచ్చిన తెప్ప దాన్ని గుద్ది పైకి లేచింది, నలుగురు చనిపోయారు. ఆ రోజు అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయికి ఆ రైడ్ మీద అదే మొదటి రోజు. తెప్పల్ని పైకి లాగే కన్వేయర్‌ని క్షణాల్లో ఆపే ఎమర్జెన్సీ బటన్ ఆమె పక్కనే ఉంది, దాని గురించి పట్టించుకోనక్కర్లేదని ఆమెకు చెప్పారని విచారణలో తేలింది. ఆ కంపెనీకి 2020లో 36 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. పెద్ద పార్కులు లైసెన్సు తీసుకోవాలని, ఏ రైడ్‌లో ఏ ప్రమాదం రావచ్చో, దాన్ని ఎలా ఆపుతారో ముందే రాసి చూపించాలని అక్కడి ప్రభుత్వం చట్టం మార్చింది.

అదంతా చదువుతుంటే నాకు మా కొలంబస్ కుర్రాడే గుర్తొచ్చాడు. 19 ఏళ్లుంటాయి. ఇంటర్ అయిపోయి సెలవుల్లో పనికి చేరాడు. గొడవ అంతా అయ్యాక చేతులు వణుకుతూ ఒక మూల నిలబడ్డాడు. ముందు వాడి మీద కోపం వచ్చిన మాట నిజం. వారం తర్వాత వాడే ఫోన్ చేశాడు, గొడవలో నా నంబర్ ఇంకొకరి దగ్గర తీసుకున్నాడట. పాప ఎట్లుందని అడిగాడు. ఆ కడ్డీ అంతకు మూడు రోజుల ముందు నుంచే అలా ఉందని చెప్పాడు. సూపర్‌వైజర్‌కి చెబితే "ఆదివారం రష్షు అయిపోనీ, సోమవారం చూద్దాం" అన్నాడట. రైడ్ ఆపే అధికారం నీకుందని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆపితే జీతం కోస్తారన్న భయమే వాడికి తెలుసు. ఇప్పుడు ఆ పని మానేశాడు.

ఇలాంటి చోట్ల తప్పు ఎప్పుడూ కింద నిలబడినవాడి మీదికే జారుతుంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో 2015 జూన్ 2న స్మైలర్ అనే రోలర్ కోస్టర్ ట్రాక్ మీద ఖాళీ బండి ఒకటి నిలిచిపోయింది. అది అక్కడుందని తెలియని ఇంజినీర్లు ఆటోమేటిక్ స్టాప్‌ని పక్కకి నెట్టి, 16 మంది ఉన్న బండిని వదిలారు. ఇద్దరు అమ్మాయిలకు ఒక్కో కాలు తీసేయాల్సి వచ్చింది. కానీ అక్కడి కోర్టు తప్పుని ఆ ఇంజినీర్ల మీదికి నెట్టలేదు. పద్ధతి ఏర్పాటు చేయని కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

మన దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. 2018 మే నెలలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. బోల్టు ఊడుతోందని చూసినవాళ్లు చెప్పినా ఆపరేటర్ వినిపించుకోలేదని అప్పుడు పత్రికల్లో వచ్చింది. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా దగ్గర లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ప్రాణాలు పోయాయి, పాతిక మందికి పైగా గాయపడ్డారు. 2022 సెప్టెంబర్‌లో మొహాలీ మేళాలో పైకి తీసుకెళ్లిన రైడ్ జనంతో సహా కింద పడింది. ప్రతిసారీ రెండు రోజులు హడావుడి, అరెస్టులు, అన్ని పార్కుల్లో తనిఖీలని ప్రకటన. 2024 మే 25న రాజ్‌కోట్ గేమింగ్ జోన్ మంటల్లో పాతిక మందికి పైగా కాలిపోయాకే గుజరాత్ ప్రభుత్వం రైడ్లకి, గేమింగ్ జోన్లకి ప్రత్యేకంగా భద్రతా నియమాలు తెచ్చింది. మన రాష్ట్రంలో అంత పెద్దది జరగకముందే ఆ పని చేయమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. రైడ్ల డిజైన్ దగ్గర్నుంచి నడిపే తీరు, తనిఖీ దాకా ఎలా ఉండాలో భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 15475 పేరుతో ఎప్పుడో రాసిపెట్టింది. దాన్ని పాటించడం లైసెన్సుకి షరతుగా పెట్టండి. ఇప్పుడు ఫైర్ సంతకం ఒకరిది, కరెంటు సంతకం ఇంకొకరిది, మున్సిపాలిటీది వేరు, పోలీసులది వేరు. రైడ్ లాక్ పడుతుందా లేదా చూసే మనిషి ఎవరో నేను తిరిగిన ఆఫీసుల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ ఒక్క మనిషిని మీరు పేరు పెట్టి నియమించాలి. నాంపల్లి నుమాయిష్‌లో 2025 జనవరిలో ఒక రైడ్ ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడిన వీడియో మీరూ చూసే ఉంటారు. అలా నెల రోజులకు బిగించి విప్పేసే రైడ్లకైతే ఈ తనిఖీ మరీ ముఖ్యం. బిగించిన ప్రతిసారీ అది కొత్త యంత్రమే.

అన్నిటికన్నా ముందు నాకు కావాల్సింది ఆ రిజిస్టర్. ప్రతి రైడ్ దగ్గర ఉండాలి. పొద్దున చూసినవాడి పేరు, టైము, సంతకం లైన్లో నిలబడినవాళ్లకు కనిపించేలా గేటుకి తగిలించాలి. రైడ్ మధ్యలో ఆగినా, కడ్డీ లేచినా, ఎవరికి చిన్న గాయమైనా అందులో రాయాలి. అనుమానం వస్తే ఆపే హక్కు ఆపరేటర్‌కి ఉందని, ఆపినందుకు జీతం కోయకూడదని అక్కడే పెద్ద అక్షరాలతో రాయాలి. ఏదైనా జరిగాక మళ్లీ మొదలుపెట్టాలంటే, టికెట్లు అమ్మే మేనేజర్ కాదు, యంత్రం తెలిసినవాడు సంతకం పెట్టాలి. నెలకోసారి ఆ పేజీలు మీ శాఖకి రావాలి. ఫస్ట్ ఎయిడ్ గదికి తాళం వేయకూడదని కూడా ఎక్కడైనా రాయాల్సి వస్తే, అది కూడా రాయండి.

టికెట్ వెనక ఆ వాక్యం చూసి వెనక్కి తగ్గిన తల్లిదండ్రులు ఇది చదువుతుంటే వారికీ ఒక మాట. డబ్బు తీసుకుని సేవ ఇచ్చినవాళ్ల నిర్లక్ష్యం ఆ ఒక్క వాక్యంతో మాఫీ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కి వెళ్లవచ్చు. ముందుగా 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. టికెట్, ఆసుపత్రి చీటీ, ఫొటోలు దాచిపెట్టుకోండి. నేను డబ్బు కోసం వెళ్లలేదు. కానీ వెళ్లేవాళ్లని తప్పు పట్టను, వాళ్లు వెళ్తేనే కాగితం మీదికి ఎక్కుతుంది.

మా మనవరాలి గడ్డం కింద గీత ఉండిపోయింది. బడి తెరిచాక అందరూ అడుగుతున్నారట. మొన్న ఫోన్లో, "తాతయ్యా, ఆ కడ్డీ బాగు చేశారా?" అని అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను.

పార్కు పేరు, తేదీ, టైము, తాడు కట్టిన వరస ఫొటో మీ ఆఫీసుకు ఇచ్చిన అర్జీలో ఉన్నాయి. పడవ ఎదురుగా నిలబడితే కుడి చివర నుంచి రెండో వరస. మీరు ఎవరినైనా పంపిస్తే నేను కూడా వచ్చి చూపిస్తాను. దసరా సెలవుల లోపల పంపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్,
నల్గొండ జిల్లా