ఎర్రబడిన స్టిక్కరే సాక్ష్యమా?

సంపాదకుల వారికి,

అయ్యా,

వారంటీ గడువు ఇంకా ఉన్న మొబైల్ ఫోన్లను ‘లోపలికి నీళ్లు పోయాయి’ అనే ఒక్క మాటతో సర్వీస్ సెంటర్లు తిప్పి పంపుతున్న తీరును మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలిచాను.

అనంతపురం సుభాష్ రోడ్డులోని ఒక దుకాణంలో కొన్న మా ఫోన్‌కు ఏడాది తిరగకముందే తెరపై నిలువునా ఆకుపచ్చ గీత పడింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడి ఉద్యోగి సిమ్ ట్రే బయటికి లాగి, ఆ సందులోకి టార్చి వేసి, తెల్లగా ఉండాల్సిన స్టిక్కర్ ఎర్రబడింది కాబట్టి వారంటీ వర్తించదని తేల్చేశారు. తెర మార్చడానికి చెప్పిన ఖర్చు ఫోన్ ధరలో సగానికి దగ్గరగా ఉంది. చెడింది తెర, ఎర్రబడింది సిమ్ పెట్టే చోటు. రెంటికీ సంబంధమేమిటని అడిగితే ‘కంపెనీ రూల్ సార్’ అన్నదే సమాధానం. వాన చుక్కకు మొగం వాచిన ఈ ఊళ్లో, అదీ నడివేసవిలో, నీటి నష్టం మా నెత్తిన పడింది.

ఆ స్టిక్కర్ తడి తగిలితే రంగు మారేలా చేసిన చిన్న ముక్క. తడి తగిలిందని మాత్రమే అది చెప్పగలదు. ఎప్పుడు తగిలింది, ఎంత తగిలింది, బోర్డు దాకా చేరిందా, చేరినా ఈ లోపానికి అదే కారణమా అన్నది చెప్పలేదు. నిజంగా నీళ్లు చేరి పాడైన ఫోన్‌ను విప్పితే బోర్డు మీద, కనెక్టర్ల దగ్గర చాలాసార్లు చిలుము కనిపిస్తుంది. దాన్ని చూపించి, ఫొటో తీసి చేతికిస్తే నాబోటివాడు నోరు మెదపడు. మాకు ఫోన్ విప్పి చూపలేదు. ఫోన్ తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ రాసే జాబ్ షీట్ మీద ‘లిక్విడ్ డ్యామేజ్’ (నీటి నష్టం) అని రెండు మాటలు రాసిచ్చారు. ఏ నష్టానికీ తమ బాధ్యత లేదని ముందే సంతకం పెట్టించుకున్న కాగితమూ అదే.

అమ్మేటప్పుడు మాత్రం ఫోన్ మీద నీళ్లు పోసి చూపే ప్రకటనలకు కొదవ లేదు. ఆ ప్రకటనల్లో కనిపించే ఐపీ అంకెలు దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఫోన్ ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలమానం. ఐపీ 67 అంటే మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు ఉంచినా తట్టుకోవాలని అర్థం. ఐపీ 68 అంతకు మించినది. అది ప్రయోగశాల పరీక్ష మాత్రమేనన్న సంగతి, నీటి నష్టానికి వారంటీ లేదన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఇలాంటి ప్రకటనలు, వారంటీ నిరాకరణల మీదే ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020లో ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా వేసింది. నీటిలో వాడవచ్చన్నట్లు ప్రకటనలిచ్చినందుకు ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2022లో సామ్‌సంగ్ స్థానిక సంస్థ చేత 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టించింది.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, ఫోన్ ఎక్కడ కొన్నా మనం ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. పరీక్షతో తప్ప తేలని లోపమైతే సెక్షన్ 38 ప్రకారం కమిషన్ ఆ వస్తువుకు సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. అయితే ఆ పరీక్ష ఖర్చును ముందుగా ఫిర్యాదుదారు చేతే కట్టించవచ్చు. కూలి పని మానుకుని, వాయిదాలకు తిరిగి, పైగా పరీక్షకు డబ్బు కట్టేకంటే కొత్త ఫోన్ కొనుక్కోవడమే నయమని జనం ఊరుకుంటారు. కంపెనీలకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు.

అందుకే ఒక్కొక్కరు విడిగా పోరాడే పని కాకుండా, ఇదే చట్టం సెక్షన్ 16 కింద వినియోగదారులందరికీ సంబంధించిన అనుచిత వ్యాపార పద్ధతులపై విచారణ జరిపి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం ఉన్న జిల్లా కలెక్టర్ గారు, నగరంలోని సర్వీస్ సెంటర్లలో నీటి నష్టం పేరుతో తిరస్కరించిన జాబ్ షీట్లను తెప్పించి చూడాలని కోరుతున్నాను. ఎన్నింటిలో ఫోన్ విప్పి చూశారు, ఎన్నింటికి ఫొటో జత చేశారు, నీటికీ లోపానికీ ఉన్న సంబంధాన్ని ఎక్కడైనా రాశారా అన్నది ఆ కాగితాల్లోనే తేలిపోతుంది. విచారణ మొదలైతే మా జాబ్ షీట్ నకలు, కొన్న బిల్లు, ఇంకా మరమ్మతు చేయించని ఆ ఫోన్ అప్పగించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం