మా బాపుకి ఊపిరి అందించిన విమానం సిబ్బందికి థాంక్స్

అందరికీ నమస్తే. మా బాపు డల్లాస్‌ల అన్నయ్య ఇంటికి క్షేమంగ చేరిండు, ఫోన్లు చేసి మెసేజ్‌లు పెట్టి అడిగినోళ్లందరికీ ముందు ఆ మాట చెప్తున్న. ఈ పోస్ట్ మాత్రం మమ్మల్ని తీసుకొచ్చిన విమానం సిబ్బంది కోసం. ఇంగ్లీష్‌ల ఉత్తరం రాసి ఎయిర్‌లైన్‌కి పంపిన, కానీ వాళ్లు ఏం చేసిన్రో మనోళ్లకి కూడా తెలవాలె, ముఖ్యంగ అమ్మానాన్నల్ని అంత దూరం తీసుకపోయేటోళ్లకి.

బాపుకి ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ ఉంది, అంటే ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడే జబ్బు. ఇంట్ల కూర్చుంటే బాగనే ఉంటడు, నాలుగు అడుగులు నడిస్తే ఆయాసం, అప్పుడు ఆక్సిజన్ కావాలె. విమానంల కూర్చున్నా కావాలె, ఎందుకంటే కేబిన్ల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, 8000 అడుగుల ఎత్తుల ఉన్నట్టు దాకా పోవచ్చు, అంటే కింద 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినట్టు లెక్క, మామూలుగ 21 ఉంటది. సొంత సిలిండర్ విమానంల ఎక్కనియ్యరు. అందుకే డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చి, ఎయిర్‌లైన్ మెడికల్ ఫారం నింపి, చేతిల పట్టుకపోయే కాన్సంట్రేటర్, అంటే గాలి నుంచే ఆక్సిజన్ తీసిచ్చే మిషన్ వాడమన్నడు, ప్రయాణం టైమ్‌కి ఒకటిన్నర రెట్లు వచ్చేటట్టు బ్యాటరీలు కూడా పెట్టుకున్నం.

గల్ఫ్‌ల ఫ్లైట్ మారినం, అక్కడి నుంచి డల్లాస్ దాదాపు 16 గంటలు. సగం దారి దగ్గర పడుతుండంగ మిషన్ మొత్తుకునుడు మొదలుపెట్టింది, స్క్రీన్ మీద ఆక్సిజన్ తక్కువ అని ఎర్రగ వస్తుంది. బ్యాటరీ మార్చిన, సీటు దగ్గర ప్లగ్గుకి పెట్టిన, ఫిల్టర్ తీసి దులిపిన, ఏం లాభం లేదు. ఆ మిషన్ల ఆక్సిజన్ నిల్వ ఉండదు, బయటి గాలి లోపలికి లాక్కొని జియోలైట్ అనే గుళికల మీదుగ పంపితే అవి నైట్రోజన్‌ని పట్టుకుంటయి, మిగిలిన ఆక్సిజన్ ముక్కుకి వస్తది. ఆ గుళికలు పనిచెయ్యకపోతే మోటర్ తిరుగుతనే ఉంటది, వచ్చేది మాత్రం ఉత్త గాలి. రక్తంల ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సిమీటర్ బాపు వేలికి పెడితే 84 శాతమే చూపించింది, పెదాలు నల్లబడుతున్నయి, నా చేతులు వణుకుతున్నయి, సిబ్బందిని పిలిచే బటన్ నొక్కిన.

నిమిషం కూడా పట్టలేదు, ఒక అమ్మాయి వచ్చింది, మిషన్ వైపు ఒకసారి చూసి బాపు మొహం చూసి వెంటనే వెనక్కి పోయి చిన్న ఆక్సిజన్ సిలిండర్, మాస్క్ పట్టుకొచ్చింది. నన్ను ఒక్క ప్రశ్న అడగకముందే మాస్క్ పెట్టేసింది, ప్రశ్నలన్నీ తర్వాత. వెనకాలనే సీనియర్ వచ్చింది, డాక్టర్లు ఎవరన్నా ఉన్నరా అని అనౌన్స్ చేసిన్రు, ఒక డాక్టరమ్మ, ఒక మలయాళీ నర్సు లేచొచ్చిన్రు. పది నిమిషాల్ల 92కి వచ్చింది. నేను ఇంక గండం గడిచింది అనుకున్న, వాళ్లకి అసలు పని అప్పుడే మొదలైంది.

ఎందుకంటే ఒక్కో సిలిండర్ల 310 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పెడితే రెండున్నర గంటలు, 4 పెడితే గంటా పావు. ఇంకా ఎనిమిది గంటల దారి ఉంది. విమానంల సిలిండర్లు చాలానే ఉంటయి కానీ అన్నీ మాకే ఇయ్యడానికి ఉండదు, ఇంకో ప్రయాణికుడికి ఏమన్నా అయితే కావాలె, కేబిన్ల ప్రెషర్ పోతే సిబ్బంది తగిలించుకొని తిరగడానికి కావాలె. ఆ సీనియర్ మేడమ్ నా పక్కన మోకాళ్ల మీద కూర్చొని ఈ లెక్క మొత్తం కాగితం మీద వేసి చూపించింది, దాచలేదు, ఊరికె ధైర్యం చెప్పలేదు, ఇన్ని ఉన్నయి, ఇన్ని ఆపుకోవాలె, 2 మీద సరిపోతే డల్లాస్ దాకా పోతం, 4 కావాల్సి వస్తే మధ్యల దిగుతం అని చెప్పింది. అట్ల సూటిగ చెప్పుడుతోటే నాకు గుండె నిమ్మళమైంది.

రెస్ట్‌ల ఉన్న పైలట్ ఒకాయన కూడా మా సీటు దాకా వచ్చిండు. శాటిలైట్ ఫోన్ల నేల మీది డాక్టర్లతోటి మాట్లాడుతున్నమని, దిగాల్సి వస్తే ముందు ఐస్‌లాండ్‌ల కెఫ్లావిక్, అది దాటితే కెనడాల గూస్‌బే అని చెప్పిండు. ఇంకో పని కూడా చేసిన్రు, అది నేను ఎన్నటికీ మర్చిపోను, విమానం ఎత్తు తగ్గించిన్రు. పైన ఎంత తక్కువ ఎత్తుల పోతే కేబిన్ల గాలి అంత చిక్కగ ఉంటది, కానీ అట్ల పోతే ఇంధనం ఎక్కువ కాలుతది, ముందు ఆ లెక్క చూసుకొని సరిపోతదని తేల్చుకున్నంకనే తగ్గించిన్రు. దాంతోటి బాపుకి 2 లీటర్ల మీదనే 93, 94 నిలబడ్డది. వందల మంది ఉన్న విమానాన్ని ఒక్క రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ కోసం కిందికి దించి నడిపిన్రు. బాపుకి చెప్తే మాస్క్ లోపలి నుంచే "మంచి డ్రైవర్ బిడ్డా" అన్నడు.

ప్రతి పావుగంటకి ఎవరో ఒకరు వచ్చి రీడింగ్ రాసుకున్నరు, సిలిండర్ ఎప్పుడు మార్చిన్రో టైమ్ రాసిన్రు. షిఫ్ట్ మారినా కాగితం చేతులు మారింది తప్ప ఒక్క గడి ఖాళీ లేదు. బాపుకి ఇంగ్లీష్ రాదు, హిందీ వచ్చు, మొదట వచ్చిన అమ్మాయి హిందీల "అంకుల్, నెమ్మదిగ ముక్కుతోటి పీల్చండి" అనుకుంట పక్కన్నే ఉంది. బాత్రూమ్ పోవాల్సి వచ్చినప్పుడు ఈయనకి మొహమాటం, ఆపుకున్నడు, ఆ పిల్లనే గమనించి చిన్న వీల్‌చెయిర్ తెచ్చి, సిలిండర్ తను మోసుకుంట తీసుకపోయి తలుపు బయట నిలబడ్డది. సొంత బిడ్డనైన నాకు తోచలేదు ఆ సంగతి.

డల్లాస్‌ల తలుపు తెరవంగనే పారామెడిక్స్ ఎక్కిన్రు, ఆ కాగితం వాళ్ల చేతికి ఇచ్చిన్రు. హాస్పిటల్‌ల డాక్టర్ అది చూసి అన్నీ ఇందులనే ఉన్నయి అన్నడు, రాత్రి ఉంచుకొని పొద్దున పంపిండు. అన్నయ్య వేరే మిషన్ ఏర్పాటు చేసిండు, తిరుగు ప్రయాణం సంగతి డాక్టర్‌ని అడిగే చూస్తం.

ఆ మేడమ్‌కి, హిందీ మాట్లాడిన ఆ చెల్లెకి, కనపడని కెప్టెన్‌కి, ఫోన్ అవతలి డాక్టర్లకి, నిద్ర మానుకొని కూర్చున్న డాక్టరమ్మకి, నర్సమ్మకి మా ఇంటిల్లిపాది తరఫున చేతులెత్తి దండాలు. ఇంకొకరు ఉన్నరు. బాపు కాళ్లు చాపుకోవాలె అని పక్క సీటు ఖాళీ చేసి, వెనక ఎక్కడో మధ్య సీట్ల డల్లాస్ దాకా కూర్చున్న స్టూడెంట్ తమ్ముడు, తెలుగోడే, ఎంఎస్‌కి పోతున్న అన్నడు. దిగేటప్పుడు అంబులెన్స్ హడావిడిల నువ్వు కనపడలేదు తమ్ముడూ, ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టు, అన్నయ్య వాళ్లింటికి భోజనానికి రావాలె అని బాపు రోజూ అడుగుతున్నడు.